పెద్దనాయిన కొడుకు 'బ్రదర్' అవుతాడా?

మీరు అడిగినవి మూడు. పెద్దనాయిన కొడుకును అమెరికా ఫారంలో 'బ్రదర్' అని రాయొచ్చా? చుట్టరికానికి ఇన్ని మాటలు తెలుగుకేనా, వేరే భాషల్లో కూడా ఉన్నాయా? మీ సడ్డకుణ్ణి, అంటే తోడల్లుణ్ణి, పిల్లలు ఏమని పిలవాలి? మొదటిదానికి జవాబు ఒక్క మాట: రాయొద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే రెండోది మొత్తం చెప్పాల్సి వస్తుంది. మూడోది చివర్లో చూద్దాం.

నేను దేవరకొండలో ముప్పై ఏండ్లకు పైగా దస్తావేజులు రాస్తున్నాను. భాగపంపిణీలు, దానపత్రాలు, వీలునామాలు, కొన్నేండ్లుగా అమెరికా పోయే పిల్లల కాయితాలకు ఇంగ్లీషు తర్జుమాలు. ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నదాని మీదనే నా బతుకుదెరువు. అట్లాంటి నేనే ఈ 'బ్రదర్' తప్పు చేసిన.

చింతపల్లి వైపు పిల్లగాడు. ఎమ్మెస్‌కు సీటొచ్చింది. ఫీజు పెట్టేది ఎవరు అని అడిగితే "మా అన్న సార్, అక్కడే జాబ్ చేస్తుండు" అన్నాడు. ఇంటిపేరు ఒకటే. నేను ఇంకో మాట అడగకుండా అఫిడవిట్‌లో బ్రదర్ అని కొట్టించిన. ఇంటర్వ్యూలో ఆ అన్న పాస్‌పోర్టు కాపీ చూశారు, వీడిది చూశారు. తండ్రుల పేర్లు వేరు. "సొంత బ్రదరేనా?" అని అడిగితే వీడు ఇంకింత గట్టిగా "యెస్, ఓన్ బ్రదర్" అన్నాడట. వాడి లెక్కలో అది అబద్ధం కానే కాదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తిని పెరిగినవాళ్ళు. వీసా రాలేదు. కారణం ఇదేనని వాళ్ళేమీ రాసివ్వలేదు గానీ, రెండోసారి 'తండ్రి అన్న కొడుకు' అని విడమరిచి రాసి, తాత పేరు నుంచి వంశవృక్షం జతపరిస్తే వచ్చింది. మధ్యలో ఒక ఫీజు మునిగింది. వాళ్ళ నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఒకరోజు నిజాం కాలం నాటి ఉర్దూ దస్తావేజు ఒకటి నా చేతికొచ్చింది. చదువుతుంటే సిగ్గేసింది. ఆనాటి మున్షీ ఉత్త 'బిరాదర్' (అన్నదమ్ముడు) అని రాసి వదల్లేదు, 'బిరాదరె హకీకీ' అని రాశాడు. హకీకీ అంటే అసలు, అంటే తోడబుట్టినవాడు. ముస్లింల వారసత్వంలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకటైతే హకీకీ, తండ్రి ఒకడై తల్లులు వేరైతే అల్లాతీ, తల్లి ఒకతై తండ్రులు వేరైతే అఖ్యాఫీ. ముగ్గురి వాటాలూ ఒక తీరుగా ఉండవు, అందుకే మాట ముందే తేల్చి పెట్టుకున్నారు. దత్తుడైతే ముతబన్నా, ఇల్లుటం అల్లుడైతే ఖానా దామాద్. ఎనభై ఏండ్ల కింద దీపం ముందు కూర్చుని రాసినాయనకు ఉన్న జాగ్రత్త కంప్యూటర్ ముందు కూర్చున్న నాకు లేకపాయె.

ఇప్పుడు మన లెక్క. మన పెద్దలు సూత్రమని పేరు పెట్టలేదు గానీ ఇందులో గట్టి సూత్రమే ఉంది. నాయిన అన్నదమ్ములు నాయినలే: పెద్దనాయిన, చిన్నాయన. అమ్మ అక్కచెల్లెండ్లు అమ్మలే: పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ళ పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. మగకు మగ, ఆడకు ఆడ తోబుట్టువైతే అది మన ఇంటి వరుస. అదే నాయినకు అక్కో చెల్లెలో, అమ్మకు అన్నో తమ్ముడో అయితే, ఆడ-మగ మారింది కాబట్టి అక్కడ వియ్యపు దారి మొదలవుతుంది: మేనత్త, మేనమామ. వాళ్ళ పిల్లలు బావ, వదిన, మరదలు, బావమరిది.

ఈ 'మేన' అన్న ముక్కను ఒకసారి పట్టి చూడండి. మేను అంటే ఒళ్ళు. అమ్మ తమ్ముడు మేనమామ, అంటే ఒంటితో, పుట్టుకతో వచ్చిన మామ. భార్య తండ్రి ఉత్త మామ, పెండ్లితో వచ్చినవాడు. మేనత్త-అత్త, మేనల్లుడు-అల్లుడు, మేనకోడలు-కోడలు, అన్నీ ఇదే జోడు. అంటే మన భాషకు ఈ రెండు రకాల మనుషులు ఒకే గదిలో ఉంటారు, తలుపు మీద 'మేన' అన్న చీటీ ఉందా లేదా అన్నదే తేడా. పోయినేడు ఒక ముసలావిడ పొలం కాయితం రాయించుకోవడానికి వచ్చింది. వెంట ఒక అమ్మాయి.

"ఈమె నీకేమైతది అవ్వా?"

"నా కోడలు."

"కొడుకు పెండ్లామా?"

"ఆఁ. నా తమ్ముని బిడ్డ."

ఆమె రెండు చుట్టరికాలు చెప్పిందని ఆమెకు అనిపించనే లేదు. నేను ఇంగ్లీషు కాపీలో 'నీస్ అండ్ డాటర్ ఇన్ లా' అని కొడితే మా టైపు పిల్లవాడు "సార్, రెండిట్లో ఏది ఉంచాలె?" అన్నాడు.

సూత్రం దూరపు చుట్టాలకూ పనిచేస్తుంది. మీ అమ్మమ్మ చెల్లెలి కొడుకు మీకు ఏమవుతాడు? అమ్మమ్మ చెల్లెలు కూడా అమ్మమ్మే (ఆడకు ఆడ), ఆమె కొడుకు అమ్మకు తమ్ముడు, కాబట్టి మీకు మామ. నాయనమ్మ అన్న కొడుకు? నాయనమ్మ అన్న మీ నాయినకు మేనమామ, ఆయన కొడుకు నాయినకు బావో బావమరిదో, కాబట్టి మీకు ఈయన కూడా మామే. పెండ్లిపందిట్లో ఎన్నడూ చూడని ఇద్దరు ముసలోళ్ళు అయిదు నిమిషాల్లో "అయితే నువ్వు నాకు అల్లుడివి" అని తేల్చుకునేది ఈ లెక్కతోనే. ఇంగ్లీషులో ఇదే మనిషిని చెప్పాలంటే 'ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్' అనాలి. రిమూవ్డ్ అంటే తీసేసినట్టు కాదు, ఒక తరం తేడా ఉందని. మీ పెద్దనాయిన మనవడు, అంటే మీరు బ్రదర్ అని రాయాలనుకుంటున్న ఆయన కొడుకు, మీకు కొడుకు వరుస. ఇంగ్లీషుకు వాడు కూడా వన్స్ రిమూవ్డే.

ఇక్కడ ఒక చరిత్ర ముక్క. లూయిస్ హెన్రీ మోర్గన్ అని అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు లాయరు ఒకాయన, తన ఊరి దగ్గరి సెనెకా అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళు తండ్రి అన్నదమ్ముల్ని తండ్రి అనీ, తల్లి అక్కచెల్లెండ్లను తల్లి అనీ పిలవడం చూసి ఆశ్చర్యపోయాడు. ప్రపంచమంతా ఉత్తరాలు పంపి చుట్టరికపు మాటలు రాబట్టి 1871లో పట్టికలుగా అచ్చేశాడు. అందులో తమిళం, తెలుగు, కన్నడం ఉన్నాయి. మన లెక్కా సెనెకా లెక్కా అంతగా కలవడం చూసి, వాళ్ళ పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే సాక్ష్యం అన్నాడు. ఆ సాక్ష్యం నిలవలేదు, ఒకే లెక్క వేర్వేరు చోట్ల విడిగా కూడా పుడుతుంది. కానీ ఈ మాటలను వరుసగా పేర్చి చూసే శాస్త్రం ఆయనతోనే మొదలైంది. ఒక దస్తావేజు రాసేవాడిగా నాకు నచ్చేది ఏంటంటే, ఆయన కూడా కాయితాల మనిషే.

వేరే భాషల సంగతికి దేశాలు దాటనక్కర్లేదు, మా వీధి చాలు. మా పక్కింటి ముస్లిం కుటుంబంలో నాయిన తమ్ముడు చాచా (మనవాళ్ళ నోట్లో చిచ్చా), నాయిన అక్కచెల్లెలు ఫుప్పు, అమ్మ అక్కచెల్లెలు ఖాలా, అమ్మ అన్నదమ్ముడు మామూ. వాళ్ళ పిల్లలు చచాజాద్, ఫూఫీజాద్, ఖాలాజాద్, మామూజాద్. ఏ దారిన పుట్టినవాడో మాటలోనే ఉంది, కానీ నలుగురిలో ఎవరితోనైనా పెండ్లి కుదరొచ్చు. ఎదురింట్లో ఉత్తరాది నుంచి వచ్చిన మిఠాయి దుకాణం వాళ్ళు. వాళ్ళకూ చాచా, బువా, మౌసీ, మామా వేరువేరు, నాయిన అన్నకు తావూ అని ఇంకోటి ఎక్కువ. కానీ ఆ నలుగురి పిల్లలూ భాయీబహన్లే, పెండ్లి మాటే లేదు. మధ్యలో మేము: చిన్నాయన బిడ్డ చెల్లెలు, మామ బిడ్డ మరదలు. మూడిండ్లు, ఒకే నల్లా నీళ్ళు, మూడు లెక్కలు. మా మేనరికాల సంగతి విన్నప్పుడు మిఠాయి ఆయన భార్య చెవులు మూసుకుంది. చిన్నాయన బిడ్డను చేసుకోవడం గురించి విన్నప్పుడు మా ఆవిడ కూడా అదే పని చేసింది.

ఇది ఇవాళ్టి పేచీ కాదు. దక్షిణాదివాళ్ళు మేనమామ బిడ్డను, మేనత్త బిడ్డను చేసుకుంటారని బౌధాయన ధర్మసూత్రమే ఎత్తి చూపింది. 1955 హిందూ వివాహ చట్టం కూడా అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య, మేనమామ-మేనకోడలి మధ్య పెండ్లిని నిషేధించిన చుట్టరికాల్లోనే పెట్టి, 'ఆచారం ఒప్పుకుంటే తప్ప' అన్న మినహాయింపు ఇచ్చింది. మన పెండ్లిండ్లు చట్టం ముందు నిలబడేది ఆ మినహాయింపు మీదనే. (డాక్టర్లు మేనరికం వద్దంటున్నారు, అది పిల్లల ఆరోగ్యం గురించి, వినాల్సిందే. నేను మాటల గురించే చెప్తున్నా.)

మరి ఇన్ని మాటలు లేని ఇంగ్లీషు పేదదా అంటారేమో. పుట్టు పేద కాదు. పాత ఇంగ్లీషులో తండ్రి అన్నదమ్ముడికి ఒక మాట, తల్లి అన్నదమ్ముడికి 'ఈయామ్' అని వేరే మాట ఉండేవి, అత్తకు పిన్నికి కూడా వేరే ఉండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి వాటిని మింగేశాయి. ఆ ఫ్రెంచి మాటలు లాటిన్ నుంచి వచ్చినవి, తమాషా అంతా అక్కడుంది. లాటిన్‌లో తండ్రి అన్నదమ్ముడు 'పాట్రుఉస్', తల్లి అన్నదమ్ముడు 'అవుంకులుస్'. తండ్రి అక్కచెల్లెలు 'అమిటా', తల్లి అక్కచెల్లెలు 'మాటెర్టెరా'. ఇందులో 'అంకుల్' అయింది అవుంకులుస్, 'ఆంట్' అయింది అమిటా. అంటే పుట్టుకలో అంకుల్ మేనమామే, ఆంటీ మేనత్తే! కజిన్ అన్న మాటకు మూలం 'కొన్సొబ్రీనుస్', అసలు అర్థం అక్కచెల్లెండ్ల పిల్లలు. మనం వరుసకు అన్న, తమ్ముడు అని పిలిచే పెద్దమ్మ-చిన్నమ్మ పిల్లలకే మొదట ఆ పేరు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి ఓనర్ దాకా అందరినీ మన పిల్లలు అంకుల్ అంటుంటే, తెలియకుండానే ఊరంతా మేనమామలు అయిపోయినట్టే.

స్వీడన్‌వాళ్ళు మాత్రం పోగొట్టుకోలేదు. అమ్మ అమ్మ 'మూర్‌మూర్', నాన్న అమ్మ 'ఫార్‌మూర్', అచ్చం మన అమ్మమ్మ, నాయనమ్మ కట్టిన తీరే. మామకు 'మూర్‌బ్రూర్', అంటే అమ్మ-అన్నదమ్ముడు. చైనావాళ్ళు నాయిన అన్నకు 'బోబో', తమ్ముడికి 'షూషూ', అమ్మ అన్నదమ్ముడికి 'జియూజియూ' అంటారు. వాళ్ళ కజిన్లలో తండ్రి అన్నదమ్ముల పిల్లలు ఒక గుంపు, మిగతా అందరూ 'బియావ్' అని ఇంకో గుంపు. మనకు అన్నదమ్ములయ్యే పెద్దమ్మ పిల్లలు అక్కడ మామ పిల్లలతో కలిసి బయటి గుంపులో పడతారు. వాళ్ళ గీత ఇంటిపేరు దగ్గర గీసింది, మన గీత ఆడ-మగ మారే దగ్గర గీసింది. హవాయి ద్వీపాల్లో పాత పద్ధతి ప్రకారం తల్లిదండ్రుల తరం మొత్తానికి 'మకువా' ఒకటే. కొరియాలో పిలిచేది ఎవరన్న దాన్ని బట్టి మాట మారుతుంది: అన్నను తమ్ముడు 'హ్యంగ్' అంటాడు, చెల్లెలు 'ఒప్పా' అంటుంది. మీ అమ్మాయి కొరియా సీరియళ్ళు చూస్తే ఇది మీకన్నా తనకే బాగా తెలుస్తుంది.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది సడ్డకుడి మాట. భార్య అక్కచెల్లెలి మొగుడు. పుస్తకాల్లో తోడల్లుడు, షడ్డకుడు అని ఉంటుంది, హిందీలో సాఢూ, కన్నడంలో షడ్డక, తమిళంలో సకలై. ఇంగ్లీషులో 'బ్రదర్ ఇన్ లా' అన్న గంపలో పడేస్తారు, అదే గంపలో బావ, మరిది, బావమరిది కూడా ఉన్నారు. ఉర్దూలో మాత్రం 'హమ్‌జుల్ఫ్'. జుల్ఫ్ అంటే కురులు, ఒకే కురులను పంచుకున్నవాళ్ళు అని! ఒకే ఇంటి అక్కచెల్లెండ్ల జడలకు చిక్కుకున్న ఇద్దరు మగవాళ్ళను ఇంత అందంగా ఏ భాష చెప్పగలదు? దానికి జవాబుగా మన దగ్గర యారాలు ఉంది, పుస్తకంలో ఏరాలు, తోడికోడలు. వియ్యంకుడికి హిందీలో సమ్‌ధీ, తమిళంలో సంబంధి, మక్తల్, నారాయణపేట దాటి పోతే కన్నడంలో బీగరు, స్పానిష్‌లో కొన్సువెగ్రో. ఇంగ్లీషులో లేదు. 'మై సన్స్ ఫాదర్ ఇన్ లా' అని సాగదీయాలి.

అయితే మన భాషే గొప్ప అని జబ్బలు చరుచుకునే పోస్టులు నాకు పెద్దగా నచ్చవు. బావ అన్న ఒక్క మాటలో అక్క మొగుడు, మొగుడి అన్న, వయసులో మనకన్నా పెద్దయిన మేనమామ కొడుకు ముగ్గురున్నారు. హిందీలో జీజా, జేఠ్, మమేరా భాయి అని ముగ్గురూ వేరు. మనకు అవసరం లేని తేడా మనం చెయ్యలేదు, వాళ్ళకు అవసరం లేనిది వాళ్ళు చెయ్యలేదు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు నాకు జరిగే అవస్థ వేరు. 'బ్రదర్ ఆఫ్ ది డిసీజ్‌డ్' అని ఉంటుంది. అన్నా, తమ్ముడా? పుట్టిన తేదీలు లేకపోతే ఫోన్ చేసి అడగాలి, లేదా 'సోదరుడు' అన్న సంస్కృతం మాట కింద దాక్కోవాలి. ఇంట్లో ఎవరూ సోదరుడూ అని పిలవరు గానీ దస్తావేజులో ప్రాణం కాపాడుతుంది.

తెలుగులో తెలుగే ముంచుతుంది కూడా. గద్వాల వైపు నుంచి వచ్చిన ఒక వీలునామాలో 'మా అవ్వకు జీవితాంతం తిండి ఖర్చు' అని ఉంది. మా దిక్కు ఎన్నో ఇండ్లల్లో అవ్వ అంటే కన్నతల్లి. అక్కడ అడిగితే నాయనమ్మ అన్నారు. అప్పటి నుంచి అవ్వ అని రాసినచోట పక్కన పేరు, వయసు లేకుండా నేను సంతకం పెట్టించను. మా తండాల్లోని లంబాడీవాళ్ళయితే తల్లిని యాడి అంటారు, అక్కడ ఆ తికమక లేదు.

ఇక మీ ఫారం. 'రిలేషన్‌షిప్' అన్న గడిలో 'ఫస్ట్ కజిన్' అని రాయండి. వివరం రాసే చోటుంటే 'ఫాదర్స్ ఎల్డర్ బ్రదర్స్ సన్' అని దారి మొత్తం రాయండి. తెలుగు మాటను తర్జుమా చెయ్యొద్దు, పుట్టుక దారిని చెప్పండి, ఇదే నేను నేర్చుకున్న కిటుకు. ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ళిద్దరి తండ్రి పేరు కలిసే కాయితం ఒకటి జతచెయ్యండి, తాత పేరు మీద పాత పహాణీయో (ఊరి భూముల రికార్డు) భాగపంపిణీ పత్రమో ఇంట్లో దొరుకుతుంది. పాత పహాణీలో 'వల్ద్' అని ఉంటే కంగారుపడొద్దు, ఫలానావాడి కొడుకు అని అర్థం. ఇంటర్వ్యూలో నోరుజారి అన్న అన్నా, వెంటనే 'కజిన్' అని సరిచేసుకోండి. మీ భార్య మీకు మేనమామ బిడ్డయితే ఆమె పేరు ముందు ఉత్త 'స్పౌస్' చాలు, అడగని వరుస మీరుగా చెప్పనక్కర్లేదు, అడిగితే మాత్రం దాచొద్దు.

మూడోది. మీ సడ్డకుడు మీ పిల్లలకు వాళ్ళ అమ్మ చెల్లెలి మొగుడు. ఆమె వాళ్ళకు చిన్నమ్మ, కాబట్టి ఆయన చిన్నాయన. మీ భార్య అక్క మొగుడైతే పెద్దనాయిన. ఆయన పిల్లలు మీ పిల్లలకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. డాలస్‌లో పుట్టిన పిల్లలకు చిన్నాయన అనడానికి నోరు తిరగదంటే బాబాయి అని నేర్పండి, మా దిక్కున అంతగా అనరు గానీ సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు.